మకుటం ఎక్కడికి పోయింది?

మా బడిలో మూడో తరగతి పిల్లవాడొకడు వేమన పద్యం ఎత్తుకున్నాడు. మూడు పాదాలు గడగడా చెప్పాడు. నాలుగో పాదం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి ఏదో గొణిగి, ఊపిరైనా తీసుకోకుండా తర్వాతి పద్యంలోకి దూకాడు. మరిచిపోయాడేమో అనుకుని పక్కవాణ్ణి లేపాను. వాడూ అంతే. ఆ వరుసలో నలుగురూ మకుటాన్ని మింగేశారు. "మకుటం ఏదిరా?" అని అడిగితే, "పెట్టెలో అట్లే వస్తుంది సార్" అన్నారు.

హోసూరు వైపు మా పిల్లలకు తెలుగు ఇంటి మాట. వీధిలోకి వెళితే తమిళం, కన్నడం కూడా చెవిన పడుతుంటాయి. తెలుగు అక్షరాలు చేతికి పట్టుబడేలోపు పద్యాలను చెవితోనే నేర్చుకుంటారు. అందుకే పాత ఎంపీ త్రీ ప్లేయరు ఒకదానికి చిన్న స్పీకరు తగిలించి, మధ్యాహ్న భోజనం అయ్యాక పద్యాలు వినిపిస్తుంటాను. ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక నేనొక్కణ్ణే కూర్చుని విన్నాను. వాళ్లు చెప్పింది నిజమే. నాలుగో పాదం మొదలవగానే పాడేవారి గొంతు సన్నగిల్లుతోంది. దాని మీదనే తర్వాతి పద్యం లేచి వస్తోంది.

సెట్టింగుల్లో వెతికితే క్రాస్‌ఫేడ్ ఆరు సెకన్లకు పెట్టి ఉంది. అంటే, ఒక పాట చివరి ఆరు సెకన్లలో దాని శబ్దం మెల్లగా తగ్గుతుంది. అదే ఆరు సెకన్లలో తర్వాతి పాట మెల్లగా పెరుగుతుంది. రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టుకుని, నాట్యం ఆగకుండా పాట మార్చే డీజేల పద్ధతి ఇది. రేడియోవాళ్లూ వాడతారు. సినిమా పాటలకు ఇబ్బంది లేదు. చివర ఎలాగూ వాయిద్యాలే ఉంటాయి. పద్యం సంగతి అలా కాదు. రాగం తీసి పాడితే మకుటానికి ఐదారు సెకన్లు పడుతుంది. ఆ మీట సరిగ్గా దాన్నే మింగింది. చెవితో నేర్చుకునే పిల్లవాడికి పెట్టె ఎలా పాడితే పద్యం అదే!

క్రాస్‌ఫేడ్ తీసేశాను. పది రోజులు మళ్లీ మళ్లీ వినిపిస్తే మకుటాలు తిరిగొచ్చాయి.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఇది మొదటిదానికి పూర్తిగా ఎదురు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె సెలవుల్లో వాళ్ల అవ్వ చేత తిరగలి పాట పాడించి, వాయిస్ రికార్డరులో పట్టి తెచ్చింది. అవ్వ రాగులు విసురుతూ దాదాపు అరగంట పాడింది. ఆ రికార్డరు పది నిమిషాలకొకసారి పాత ఫైలు మూసి కొత్త ఫైలు తెరుస్తుంది. అలా మూడు వేవ్ ఫైళ్లు వచ్చాయి. మా ప్లేయరులో పట్టేందుకు వాటిని విడివిడిగా ఎంపీ త్రీలుగా మార్పించాము. తరగతిలో పెడితే, ఒక ముక్క అయిపోయి ఇంకోటి మొదలయ్యేచోట తిరగలి చప్పుడు రెప్పపాటు ఆగి మళ్లీ మొదలైంది. పాటలో మాట రెండుగా తెగింది. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "మా అవ్వ ఆపలేదు సార్. పెట్టే ఆపింది" అంది.

పెట్టె ఎందుకు ఆపిందన్నది మాకు ఒక లెక్కల పాఠమే అయింది. 1982లో అమ్మకానికి వచ్చిన సీడీ శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తుంది. 1993లో వెలువడిన ప్రమాణం ప్రకారం ఎంపీ త్రీ ఆ కొలతలను 1,152 చొప్పున కట్టలు కడుతుంది. 1,152ను 44,100తో భాగించమన్నాను. సుమారు 0.026 సెకను వచ్చింది. ఒక కట్ట పొడవు అది. పాట సరిగ్గా కట్ట అంచున ముగియాలని లేదు. చివరి కట్టలో మిగిలిన జాగాను నిశ్శబ్దంతో నింపుతారు. మొదట్లోనూ అంతే. లేమ్ అనే పేరున్న ఎంపీ త్రీ సాధనం 576 కొలతల ఖాళీని ముందు చేరుస్తుంది. వినిపించే వైపు ఇంకో 529 కొలతల ఆలస్యం కలుస్తుంది. మొత్తం 1,105. అంటే సెకనులో నలభయ్యో వంతు. దీనికి తోడు, తర్వాతి ఫైలు తెరవడానికి ప్లేయరు తీసుకునే సమయం ఉంటుంది.

రెండు వేర్వేరు పాటల మధ్య ఈ ఖాళీని ఎవరూ పట్టించుకోరు. ఒకే ధార మధ్యలో వస్తే మాత్రం చెవి ఇట్టే పట్టేస్తుంది.

ఈ బాధ మనకొక్కరికే కాదు. 1969లో వచ్చిన బీటిల్స్ వారి 'యాబీ రోడ్' రెండో వైపున పాటలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి. 1973 నాటి పింక్ ఫ్లాయిడ్ వారి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' కూడా అలాంటిదే. గ్రామఫోన్ రికార్డులో గాడి ఒక్కటే కాబట్టి చిక్కు లేదు. క్యాసెట్లో టేపు ఒక్కటే. సీడీలో కూడా పాట సంఖ్య గుర్తు మాత్రమే, లోపల ధార తెగదు. పాటకొక ఫైలు వచ్చాకే అతుకులు బయటపడ్డాయి. అతుకు లేకుండా వినిపించడాన్ని గ్యాప్‌లెస్ అంటారు. ఐపాడ్‌లో ఆ సదుపాయం 2006లో వచ్చింది. లేమ్ తాను చేర్చిన ఖాళీ ఎంతో ఫైలు తలలోనే రాసి పెడుతుంది. ఆ రాత చదవగలిగిన ప్లేయరు అంతమేరకు కత్తిరించి వినిపిస్తుంది. ఫ్లాక్, ఆగ్ వోర్బిస్ ఫైళ్లలో కచ్చితమైన పొడవు నమోదై ఉంటుంది కనుక ఈ తంటా తక్కువ.

మా పాత ప్లేయరుకు ఆ రాత చదవడం రాదు. క్రాస్‌ఫేడ్ పెడితే అతుకు కనబడదు కదా అని ఒక పిల్లవాడు సలహా ఇచ్చాడు. ప్రయత్నించాము. తిరగలి ఆగలేదు గానీ, అవ్వ రెండు గొంతులతో రెండు చరణాలు ఒకేసారి పాడింది! పిల్లలు పడీపడీ నవ్వారు. ఈ రెండు మీటలకూ తేడా ఏమిటో ఆ నవ్వుతోనే అందరికీ అర్థమైంది. గ్యాప్‌లెస్ ఒకటిగా ఉన్నదాన్ని ఒకటిగా ఉంచుతుంది. క్రాస్‌ఫేడ్ వేరుగా ఉన్నవాటిని కలిపేస్తుంది.

చివరికి దారి సులువైనదే దొరికింది. రికార్డరులోని అసలు వేవ్ ఫైళ్లు ఇంకా ఉన్నాయి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడింటినీ వరుసగా అంటించి, ఒకే ఫైలుగా చేసి, అప్పుడు ఒకేసారి ఎంపీ త్రీగా మార్చాము. మధ్యలో అతుకే లేనప్పుడు ఖాళీ ఎక్కడిది?

తోటి ఉపాధ్యాయులకు నాది ఒకటే మనవి. పద్యాలు, పాఠాలు, కోలాటం పాటలు పెట్టేటప్పుడు క్రాస్‌ఫేడ్ తీసేయండి. హరికథ, బుర్రకథ, పెద్దవాళ్ల పాటలు ముక్కలుగా ఉంటే ముందు కలిపి, ఆ తర్వాతే ఎంపీ త్రీగా మార్చండి. అసలు రికార్డింగును మాత్రం చెరపకండి. పిల్లలకు వినిపించే ముందు ప్రతి ముక్కకూ మొదలు, చివర మీరొకసారి వినండి. మన బళ్లలో ఎంతోమంది పిల్లలు తెలుగు పాటను, పద్యాన్ని ముందు చెవితో అందుకుంటారు. చెవికి తెగి వచ్చింది నోటికీ తెగే వస్తుంది.

కలిపిన పాటను మర్నాడు తరగతిలో పెట్టాను. పది నిమిషాల దగ్గర అందరూ చెవులు రిక్కించారు. తిరగలి ఆగలేదు. ఆ అమ్మాయి పెదవులు అవ్వ పాటతో పాటు కదులుతూనే ఉన్నాయి.