బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత వాంతులు: సెలైన్‌లో ఏ మందు, ఎప్పుడు, ఎందుకు?

నేను మత్తు డాక్టర్‌ని, అంటే ఆపరేషన్ థియేటర్‌లో అనస్థీషియా ఇచ్చే డాక్టర్‌ని. బేరియాట్రిక్ సర్జరీకి వచ్చేవాళ్లని ముందు రోజు కలిసినప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా వింటాను. నొప్పి ఉంటుందా? వాంతులు అవుతాయా? నొప్పి గురించి ఇంకోసారి విడిగా మాట్లాడుకుందాం. ఇవాళ వాంతులు. మీకో, మీ అక్కకో, మీ ఫ్రెండ్‌కో ఈ ఆపరేషన్ అయ్యుంటే చివరి దాకా వినండి. ఎందుకంటే చివర్లో చెప్పబోయే విషయం తెలియక నడక, జ్ఞాపకశక్తి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అసలు వాంతి ఎందుకొస్తుంది?

స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం. కుట్లు వేసిన చోట వాపు ఉంటుంది. మొదటి రోజు ఉమ్మి మింగినా పొట్ట నిండిపోయినట్టు అనిపిస్తుంది. దానికి తోడు మత్తు గ్యాస్, నొప్పికి ఇచ్చే మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి మందులు, కెమెరా ఆపరేషన్ కోసం కడుపులోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్. ఇవన్నీ కలిసి మెదడు కింది భాగంలో ఉన్న వాంతి కేంద్రాన్ని తడుతుంటాయి.

ఆ కేంద్రానికి చాలా తలుపులు ఉన్నాయనుకోండి. ఒకటి సెరటోనిన్ తలుపు. మన ఒంట్లో సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది, పేగుని కదిపితే అది బయటికొస్తుంది. రెండోది డోపమిన్ తలుపు. మూడోది హిస్టమిన్ తలుపు, బస్సులో కడుపు తిప్పేది ఎక్కువగా దీనివల్లే. నాలుగోది సబ్‌స్టెన్స్ పి అనే పదార్థం వచ్చే తలుపు. ఒక తాళం ఒక తలుపుకే పడుతుంది. అందుకే మేం ఒక్క మందుతో సరిపెట్టం.

మీకు రిస్క్ ఎంత? మీరే లెక్కేసుకోండి

దీనికి ఆప్ఫెల్ స్కోర్ అని ఒక చిన్న లెక్క ఉంది, 1999 నుంచి వాడుతున్నాం. నాలుగే ప్రశ్నలు. మీరు మహిళా? సిగరెట్ తాగరా? బస్సు, కారు ప్రయాణంలో వాంతులవుతాయా, లేదా ఇంతకుముందు ఆపరేషన్ తర్వాత అయ్యాయా? ఆపరేషన్ తర్వాత నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వాడాల్సి వస్తుందా? ఒక్కో అవునుకి ఒక మార్కు. ఏ మందూ ఇవ్వకపోతే, సున్నా మార్కులున్నవాళ్లలో వాంతులు, వికారం వచ్చే అవకాశం దాదాపు 10 శాతం. రెండు మార్కులకి దాదాపు 40 శాతం. నాలుగుకి నాలుగూ వస్తే దాదాపు 80 శాతం.

ఇప్పుడు 26 ఏళ్ల అమ్మాయిని ఊహించుకోండి. సిగరెట్ అలవాటు లేదు, అరకు ఘాట్ రోడ్డు ఎక్కితే నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటుంది. ఆమెకి నాలుగు మార్కులూ పడతాయి. సిగరెట్ తాగితే మార్కు తగ్గుతుంది కదా అని తెలివితేటలు చూపించకండి, ఈ ఆపరేషన్ తర్వాత సిగరెట్ వల్ల కుట్ల దగ్గర పుండు పడుతుంది. నాకు కావాల్సింది నిజమైన సమాధానం. ఘాట్ రోడ్డు సంగతి మీరు చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు.

ఇంకోటి. వీగోవీ, మౌంజారో లాంటి ఇంజెక్షన్లు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. అవి పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. మత్తు ఇచ్చేటప్పుడు పొట్టలో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది.

నరంలో ఇచ్చే మందులు ఏమేం?

మాత్రలు ఎందుకు ఇవ్వరు అని అడుగుతారు. వాంతి అయ్యేవాళ్లకి మాత్ర లోపల నిలవదు. పైగా అప్పుడే కుట్లు వేసిన పొట్ట. నరంలో ఇస్తే మందు నేరుగా రక్తంలోకి వెళ్తుంది.

మొదటిది డెక్సామెథసోన్. మత్తు ఇచ్చిన వెంటనే 4 నుంచి 8 మిల్లీగ్రాములు ఇస్తాం. పని మొదలవడానికి సుమారు రెండు గంటలు పడుతుంది, అందుకే ముందే వేస్తాం. షుగర్ ఉన్నవాళ్లకి ఆ రోజు షుగర్ కొంచెం పెరుగుతుంది, చూసుకుంటూ ఉంటాం.

రెండోది ఆన్‌డాన్‌సెట్రాన్. మెడికల్ షాపులో ఎమిసెట్ అని అడుగుతారు చూడండి, అదే. సెరటోనిన్ తలుపుకి తాళం ఇది. ఆపరేషన్ అయిపోయే ముందు 4 మిల్లీగ్రాములు, నెమ్మదిగా. తలనొప్పి, మలబద్ధకం రావొచ్చు. గుండె కరెంటులో క్యూటీ అనే గ్యాప్ పెంచుతుంది, కాబట్టి ఇసిజి తేడా ఉన్నా, పొటాషియం తక్కువున్నా జాగ్రత్త పడతాం.

మూడోది రిస్క్ ఎక్కువున్నవాళ్లకి ఇచ్చే అప్రెపిటెంట్. ఆపరేషన్‌కి ముందు మింగే క్యాప్సూల్ ఉంది, నరంలో ఇచ్చే రూపం పేరు ఫోసాప్రెపిటెంట్. సబ్‌స్టెన్స్ పి తలుపు మూస్తుంది, ప్రభావం చాలా గంటలు ఉంటుంది. అమ్మాయిలు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇది గర్భనిరోధక మాత్రల బలం తగ్గిస్తుంది. ఇది వాడాక ఒక నెల పాటు ఇంకో పద్ధతి కూడా పాటించాలి. డిశ్చార్జ్ హడావుడిలో ఈ మాట చాలాసార్లు మీ దాకా రాదు, మీరే అడగండి.

మందులే కాదు, మత్తు ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యం. గ్యాస్ బదులు ప్రొపొఫాల్, పాలలా తెల్లగా ఉంటుంది కదా, దాన్ని నరంలో సన్నగా ఎక్కిస్తూ మత్తులో ఉంచితే వాంతులు తగ్గుతాయి. నొప్పికి పారాసెటమాల్ ఇంజెక్షన్, కోతల దగ్గర మొద్దుబారే మందు ఇస్తే మార్ఫిన్ అవసరం తగ్గుతుంది. మార్ఫిన్ తగ్గితే వికారమూ తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ సరిగ్గా ఎక్కించడం కూడా వైద్యంలో భాగమే.

ఇన్ని ఇచ్చినా వాంతి అయితే? "మళ్లీ అదే ఇంజెక్షన్ వేయండి సిస్టర్" అంటారు. ఆరు గంటల లోపు అదే మందు మళ్లీ ఇస్తే పెద్దగా లాభం లేదు, ఆ తలుపు ఆల్రెడీ మూసే ఉంది. వేరే జాతి మందు కావాలి. మెటోక్లోప్రమైడ్ లాంటివి డోపమిన్ తలుపు మూస్తాయి. అయితే చిన్న వయసువాళ్లలో కొందరికి మెడ, దవడ, కళ్లు ఒక పక్కకి బిగుసుకుపోతాయి. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ వెంటనే చెబితే విరుగుడు ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది.

ఏది మామూలు, ఏది కాదు?

మొదటి ఒకటి రెండు రోజులు వికారం మామూలే. ఇంటికెళ్లాక నీళ్లు గుటకలు వేయకూడదు. సిరప్ మూతతో కొలుచుకుని 15 నుంచి 30 ఎం.ఎల్. చొప్పున చప్పరిస్తూ తాగాలి. ఘనాహారం మొదలయ్యాక తినేటప్పుడు నీళ్లు వద్దు, అరగంట ఆగాలి. ఫోన్ చూస్తూ తింటే ఎంత తిన్నామో తెలియదు, ఒక్క ముద్ద ఎక్కువైనా బయటికొచ్చేస్తుంది.

ఇవి కనిపిస్తే మాత్రం వాంతి మందు వేసుకుని పడుకోకండి. నాడి నిమిషానికి 120 దాటి అలాగే ఉండటం, జ్వరం, ఆయాసం, తగ్గని కడుపునొప్పి లేదా ఎడమ భుజం నొప్పి. ఇవి కుట్ల దగ్గర లీక్ అవుతోందనడానికి గుర్తులు కావచ్చు. వాంతిలో రక్తం పడినా, రోజంతా చుక్క నీరు నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వచ్చినా ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి. వారాల తర్వాత మళ్లీ వాంతులు మొదలైతే గొట్టం సన్నబడటం, పుండు, పిత్తాశయంలో రాళ్లు, బైపాస్ అయినవాళ్లలో పేగు ఇరుక్కోవడం, ఇలా చాలా కారణాలుంటాయి. పెళ్లైన అమ్మాయిలైతే ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా చేసుకోండి. బరువు తగ్గాక గర్భం తొందరగా నిలవొచ్చు.

గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకునే ముందు

మొదట్లో చెప్పిన విషయం ఇదే. మన దగ్గర నీరసం అంటే వీధి చివర క్లినిక్‌కి వెళ్లి బాటిల్ పెట్టించుకోవడం అలవాటు. నేను చూసిన ఒక పేషెంట్‌కి ఆపరేషన్ అయి ఆరు వారాలు. మూడు వారాలుగా వాంతులు. వాళ్ల ఊళ్లో రోజు మార్చి రోజు గ్లూకోజ్ ఎక్కించారు. నీరసం తగ్గకపోగా ఒకటి రెండుగా కనిపించడం, నడిస్తే తూలడం, అడిగిందే అడగడం మొదలయ్యాయి. ఇంట్లోవాళ్లు నీరసం వల్లేమో అనుకున్నారు.

అది థయమిన్ లోపం, అంటే విటమిన్ బి1 లోపం. మన ఒంట్లో దాని నిల్వ దాదాపు 30 మిల్లీగ్రాములే, తినకపోతే రెండు మూడు వారాల్లో అయిపోతుంది. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి. నిల్వ లేనప్పుడు గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతింటుంది. దీన్ని వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటారు. ఆ పేషెంట్‌కి నరంలో ఎక్కువ డోసు థయమిన్ ఇచ్చాం. చూపు కొద్ది రోజుల్లోనే బాగైంది. నడక కుదుటపడటానికి నెలలు పట్టింది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

ఇది మనకి కొత్త జబ్బు కూడా కాదు. మర పట్టిన తెల్ల బియ్యం తినే కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు ఇదే లోపంతో బెరిబెరి ఉండేది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూర్‌లో పుట్టిందే బెరిబెరి మీద పరిశోధన కోసం.

కాబట్టి ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కడ బాటిల్ పెట్టించుకున్నా ఇలా చెప్పండి: "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, ఇన్ని రోజులుగా వాంతులు అవుతున్నాయి, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి." బాటిల్ పసుపు రంగులోకి మారింది, విటమిన్ వేసేశారు అని ఊరుకోకండి. ఆ రంగు బి2ది. బి1 ఎంత డోసు పడిందో అడగండి. ఒకటి రెండుగా కనిపించినా, తూలుతున్నా, మాటలు తికమకగా ఉన్నా అది ఎమర్జెన్సీ, పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడే ఒక పని చేయండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి ఏ ఆపరేషన్, ఏ తేదీ, సర్జన్ నంబరు, "గ్లూకోజ్ ముందు థయమిన్" అని రాసి, స్క్రీన్‌షాట్ ఇంట్లో ఒకరికి పంపండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ మాట చెప్పాల్సింది వాళ్లే. జాగ్రత్తగా ఉండండి, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.