పగలు తాళం.. రాత్రి దీపం!

ఉదయం ఐదింటికే కుక్కరు కూత. ఆరింటికల్లా మూడు క్యారేజీలు సిద్ధం... ఒకటి ఆయనకు, ఒకటి కూతురికి, ఒకటి తనకు. ఆరున్నరకు కూతురికి జడ. ఏడింటికి గేటుకు తాళం. తాళంచెవి పక్కింటి అవ్వ చేతికి. ‘‘అవ్వా, నీళ్ల ట్యాంకరు వస్తే కాస్త పట్టించు’’ అంటూనే పరుగు. అప్పటికే రోడ్డు మలుపులో బస్సు హారన్!

మార్కాపురం శివారు కాలనీల్లో ఎన్నో ఇళ్లలో పొద్దు ఇలాగే మొదలవుతుంది. పలకలకు పేరుపడ్డ ఆ ఊరి అంచుల్లో కాపురం ఉండేవాళ్లలో చాలామందికి ఉద్యోగం ఆ ఊళ్లో కాదు. ఒకరు త్రిపురాంతకం బళ్లో టీచరు. ఇంకొకరు యర్రగొండపాలెంలో గుమాస్తా. మరొకరు ఏదో పల్లె సచివాలయంలో కార్యదర్శి. అటు వినుకొండ వైపు నుంచీ ఇలాగే వచ్చిపోయేవాళ్లున్నారు. ఎవరెక్కడ పనిచేసినా వీళ్లందరికీ పేరొకటే... ‘అప్ అండ్ డౌన్ వాళ్లు’!

శివారు జీవితం అనగానే మనకు హైదరాబాదు గుర్తొస్తుంది. లింగంపల్లి, 2003లో పరుగు మొదలెట్టిన ఎంఎంటీఎస్ రైళ్లు, ఆ తర్వాత మెట్రో... కానీ చిన్న పట్నాలకూ శివార్లుంటాయి. కాకపోతే ఇక్కడ లోకల్ రైళ్లుండవు. త్రిపురాంతకానికైతే అసలు రైలే లేదు. గుంటూరు-గుంతకల్లు లైను కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్డు మీదుగా వెళ్లిపోతుంది. ఉన్నదల్లా బస్సు. అది తప్పితే ఆటో. అదీ లేకపోతే బండి మీద నలభై కిలోమీటర్ల దరిదాపు ఎండ, దుమ్ము.

మండలం తెచ్చిన ప్రయాణం

త్రిపురాంతకం నిన్నమొన్నటి ఊరు కాదు. శ్రీశైలానికి తూర్పు ద్వారం. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. కాకతీయుల కాలపు శాసనాలు ఇక్కడ ఎన్నో దొరికాయి. దూరాభారాల నుంచి జనం నడిచొచ్చి మజిలీ చేసిన చోటిది.

అయితే సర్కారు పని పడితే మాత్రం ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పల్లెలవాళ్లు మార్కాపురం తాలూకా ఆఫీసుకు పోవాల్సిందే. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. మండల కేంద్రమైన త్రిపురాంతకానికే ఆఫీసులు వచ్చేశాయి. జనానికి ప్రయాణం తగ్గింది. కానీ ఆఫీసులు వచ్చినంత తేలిగ్గా ఆఫీసర్ల కాపురాలు రాలేదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక పల్లెపల్లెకూ ఉద్యోగులొచ్చారు. వాళ్లలోనూ చాలామందికి సాయంత్రం బస్సే గతి. ఒకప్పుడు రైతు చేసిన ప్రయాణం ఇప్పుడు ఉద్యోగి చేస్తున్నాడు... అంతే తేడా!

ఎందుకుండరు?

‘‘జీతం ఇక్కడ, కాపురం అక్కడా?’’ ఊళ్లోవాళ్ల నిష్ఠూరం ఇది. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ఆ కాలనీ ఇంటి గడప దాటి లోపలికి వెళ్తే లెక్క వేరుగా కనిపిస్తుంది.

ఆమెది త్రిపురాంతకం వైపు ఉద్యోగం. ఆయనది కంభం వైపు. ఇద్దరికీ నడుమ మార్కాపురం. కూతురికి రేపు ఇంటరుకు కాలేజీ కావాలి. మామగారికి నెలనెలా బీపీ, షుగరు పరీక్షలుండాలి. ఇంటి అద్దె భత్యం లెక్కగట్టేది పనిచేసే ఊరిని బట్టి. అద్దె కట్టేది మాత్రం కాపురమున్న ఊరి రేటుకు. పోనీ పల్లెకే మారదామంటే నాలుగేళ్లకో ఐదేళ్లకో బదిలీ. సామాను సర్దుకుని ఎన్నిసార్లు తిరుగుతారు? అందుకే ఇల్లు కదలదు. మనిషే కదులుతుంది.

ఏడాదికి పద్ధెనిమిది రోజులు

బస్సులో పోను గంట, రాను గంట అనుకుందాం. బడి పనిదినాలు ఏడాదికి 220. అంటే 440 గంటలు... రాత్రీ పగలూ కలిపి పద్ధెనిమిది రోజులకు పైనే. ఏడాదిలో అన్ని రోజులు ఆమె బస్సులోనే కాపురముంటోందన్నమాట! బస్టాపులో ఎదురుచూసిన సమయం దీనికి అదనం.

రోజుమొత్తం మీద మనుషులు రాకపోకలకు సుమారు గంటే కేటాయిస్తారని, ఊళ్లు పెరిగినా వాహనాలు మారినా ఆ లెక్క పెద్దగా మారలేదని ఇటలీకి చెందిన మార్చెట్టి అనే శాస్త్రవేత్త 1994లో రాశాడు. మన అప్ అండ్ డౌన్ వాళ్లది దానికి రెట్టింపు. 2004లో డేనియల్ కానెమన్ బృందం అమెరికాలోని టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినులను, రోజులో ఏ పనప్పుడు మనసెలా ఉందని అడిగింది. పొద్దున ఆఫీసుకు వెళ్లే ప్రయాణం అట్టడుగున నిలిచింది. టెక్సాస్‌లో కారైనా, త్రిపురాంతకం దారిలో పల్లెవెలుగైనా పొద్దుటి ఆదుర్దా ఒకటే మరి!

ఆ ఆదుర్దాకు 2022 ఆగస్టులో ఇంకోటి తోడైంది... టీచర్లకు సెల్‌ఫోన్‌లో ముఖం చూపించే హాజరు. తొమ్మిదిలోగా బళ్లో ఫొటో పడాలి. టైరు పంక్చరైందని యాప్‌కు చెబితే వింటుందా? మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు. ఏడూ ముప్పావుకే గంట కొడతారు. అంటే కుక్కరు కూత నాలుగింటికి జరుగుతుంది.

సున్నా టిక్కెట్టు

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆధార్ చూపిస్తే చాలు... కండక్టరు సున్నా టిక్కెట్టు చేతిలో పెడతాడు. నెలనెలా బస్సుకయ్యే డబ్బు మిగిలింది. ఆ మేరకు ఇంట్లో పాలప్యాకెట్టో, పిల్ల ట్యూషను ఫీజో తేలికైంది. ఇంతకుముందు ఖర్చుకు జంకి ఇల్లు కదలనివాళ్లూ బస్సెక్కుతున్నారు. సీటు దొరకడం మాత్రం కష్టమైంది. డబ్బు మిగిలినా గంట మిగల్లేదు కదా!

అయినా ఆ బస్సే ఒక వీధి. కాలనీలో పక్కింటివాళ్ల పేరు తెలియకపోవచ్చు. బస్సులో పక్కసీటావిడ కూతురి పెళ్లిచూపులు ఎప్పుడో తెలుస్తుంది. కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు ఆపేదీ, గోంగూర పచ్చడి సీసా అందించేదీ, చీటీపాట డబ్బు పోగుచేసేదీ ఇక్కడే. ‘‘అక్కా, నిన్న రాలేదే... ఒంట్లో బాగాలేదా?’’ అని అడిగేదీ ఆ తోటి ప్రయాణికులే.

ఐదు దాటితే...

మధ్యాహ్నం ఆ కాలనీలోకి వెళ్లిచూడండి. వరసగా తాళాలు. వాకిట్లో ముగ్గు ఎండకు పాలిపోయి ఉంటుంది. మిగిలింది పెద్దవాళ్లే. గ్యాసు సిలిండరొచ్చినా, కొరియరొచ్చినా ఆ అవ్వే దిక్కు. నాలుగిళ్ల తాళంచెవులు ఆమె కొంగుముడిలోనే! మరి ఆ అవ్వకే కళ్లు తిరిగితే..? చూసేవాళ్లెవరూ ఉండరు.

సాయంత్రం ఐదు దాటాక పల్లెలోకి వెళ్లండి. అక్కడా అంతే. ఆఫీసుకు తాళం, బడికి తాళం. పూర్వం పంతులుగారు ఊళ్లోనే ఉండేవారు. మిరప కోతలప్పుడు బడి ఎగ్గొట్టిన పిల్లాడి ఇంటికి పొద్దుగూకాక వెళ్లి, అరుగు మీద కూర్చుని తండ్రిని ఒప్పించి వచ్చేవారు. ఇప్పుడు ఫోను చేస్తారు. ఆ ఫోను చేలో ఉన్న తండ్రికి అందొచ్చు, అందకపోవచ్చు.

పగలు మనుషుల్లేని కాలనీ, సాయంత్రమయ్యాక పలకరించే టీచరు లేని పల్లె... నష్టం రెండుచోట్లా ఉంది. బడిగంటకు సరిపోయేలా బస్సు నడిపితే, భార్యాభర్తలకు ఒక దిక్కున పోస్టింగులు ఇవ్వగలిగితే, పల్లెలో ఉంటామన్నవాళ్లకు నీళ్లొచ్చే క్వార్టర్సు చూపిస్తే... కొన్ని కాపురాలైనా కుదురుకుంటాయి. అందాకా మనుషులే ఏదో దారి వెతుక్కుంటున్నారు.

పదో తరగతి పరీక్షల ముందు చాలా బళ్లలో సాయంత్రాలు స్టడీ అవర్లు పెడతారు. టీచర్లు వంతులవారీగా ఆగాలి. ఆ రోజు వంతున్న మేడమ్‌కు మామూలు బస్సు ఉండదు. చీకటి పడ్డాకే తర్వాతది. రోజూ వచ్చే ఊరే అయినా కొండమీద గుళ్లో దీపం కనబడేది ఆ ఒక్కరోజే! బస్టాపు దాకా ఇద్దరు ఆడపిల్లలు తోడొస్తారు. ‘‘మేడమ్, మీరిక్కడే ఉండొచ్చు కదా? లెక్కలు రోజూ అడిగేవాళ్లం.’’ ఏం చెబుతుంది? నవ్వి, జాగ్రత్తగా వెళ్లమంటుంది.

ఇంటికి చేరేసరికి తొమ్మిది. తన కూతురిదీ పదో తరగతే. పుస్తకం మీద తలవాల్చి నిద్రపోతుంటుంది... లెక్కల పుస్తకమే. పక్కింటి అవ్వ ఇంకా అరుగు మీదే ఉంటుంది. ‘‘ట్యాంకరొచ్చిందమ్మా, నాలుగు బిందెలు పట్టించా. పిల్ల తిననంటే రెండు ముద్దలు నేనే పెట్టా’’ అంటూ తాళంచెవి చేతిలో పెడుతుంది.

రేపు మళ్లీ ఐదింటికి కుక్కరు పెట్టాలి.