ఒక్క పటము, పలు వరుసలు

అమరకోశమును వల్లించినవారికి ఒక సంగతి విదితమే. అందలి పదములు అకారాది క్రమమున నుండవు. దేవతల పేర్లు స్వర్గవర్గమునందును, చెట్టుచేమల పేర్లు వనౌషధివర్గమునందును, ఇట్లు విషయమునుబట్టి కూర్పబడియున్నవి. 1885వ సంవత్సరమున వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమునందో పదములు అకారాదిగా నున్నవి. ఒకే పదము రెండు గ్రంథములందును ఉండవచ్చును. దానిని చేరు త్రోవలు మాత్రము వేఱు. వస్తువును దాచుట యొక విద్య. కావలసినప్పుడు దొరకునట్లు కూర్చుట మఱియొక విద్య.

నేడు ప్రతి గృహమునందును ఈ రెండవ విద్య యవసరమైనది. సెల్‌ఫోనులందును కంప్యూటరులందును వేలకొలది ఛాయాచిత్రములు, పాటలు, వీడియోలు పేరుకొనుచున్నవి. పెద్దమ్మ పాడిన మంగళహారతి యెక్కడనో యున్నదని యింటిల్లిపాదికి తెలియును. పేరంటమునాడు వినగోరినచో దొరకదు. దొరకని సొత్తు లేని సొత్తుతో సమానము.

దీనికి మూలకారణము మన పెట్టెల యలవాటు. పట్టుచీర యొక పెట్టెలోనే యుండగలదు. ఆ యలవాటునే పటములకును పట్టించి సంవత్సరమున కొక ఫోల్డరు, పెండ్లి కొక ఫోల్డరు చేసి నింపుచున్నాము. టెక్కలిలో జరిగిన మేనకోడలి పెండ్లిలో తాతగారు కూర్చున్న పటమును ఎందుంచవలయును? ఆ యేటి ఫోల్డరునందా, పెండ్లి ఫోల్డరునందా, తాతగారి పేరిట నున్నదానియందా? మూడింటను నకళ్లుంచినచో చోటు నిండును. ఏది యసలో తెలియకపోవును.

గ్రంథాలయములవారు ఈ చిక్కును మనకు ముందే యెదుర్కొనిరి. పుస్తకము అలమారులో ఒక్కచోటనే యుండును. దాని కార్డులు మాత్రము రచయిత పేరునను, గ్రంథము పేరునను, విషయమునుబట్టియు వేఱువేఱుగా నుండును. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణము ఒక్కొక్క విషయమును స్థలము, కాలము మొదలగు పలు ముఖములుగా విడదీసి చూపినది. మన శ్రీకాకుళముననే దీని కొక చక్కని యుదాహరణము కలదు. కారా మాస్టారుగా ప్రసిద్ధులైన కాళీపట్నం రామారావుగారు (1924–2021) స్థాపించిన కథానిలయము 1997 ఫిబ్రవరి 22న ప్రారంభమైనది. అచ్చట తెలుగు కథలను సేకరించుటతో నాగక, కథ పేరునను, రచయిత పేరునను, పత్రిక పేరునను వెదకుటకు అంతర్జాలమున జాబితాలు కూర్చిరి. కథ యొక్కటే, చేరు దారులు పలు.

ఈ పద్ధతినే యింటికి దెచ్చుకొనవచ్చును. మొదట అసలు ప్రతులన్నింటిని ఒక్కచోట చేర్చవలయును. ఫైలు పేరును 2018-10-11 అనునట్లు సంవత్సరము, నెల, దినములతో మొదలుపెట్టినచో అవి తమంతట కాలక్రమమున నిలుచును. పిమ్మట ప్రతి పటమునకును మనిషి, ఊరు, సందర్భము అను మూడు గుర్తుచీటీలు తగిలింపవలయును. డిజికామ్ అను ఉచిత సాధనముతో ఈ చీటీలను ఫైలులోనే వ్రాయించుకొనవచ్చును. అట్లు వ్రాయించినచో పటముతోపాటు చీటీయు వెంట నడచును. తరువాత ఏ చీటీలు గల పటములు కావలెనో నియమము చెప్పి, ఆ వెదకుటకే యొక పేరుపెట్టి దాచుకొనవచ్చును. “తాతగారు, టెక్కలి, పెండ్లి” యనునది యొక వరుస. “తేలినీలాపురపు పక్షులు” అనునది మఱియొకటి. క్రొత్త పటమునకు చీటీ తగిలించిన చాలును. తగిన వరుసలన్నింటను అది కనబడును.

పాటలకును, వీడియోలకును కోడి యను సాధనము కలదు. ఇది పెరటి కోడి కాదు. 2014 వఱకు ఎక్స్‌బీఎంసీ యను పేర నుండినది, ఇదియు ఉచితమే. పాడినవారు పెద్దమ్మ, రకము మంగళహారతి యని నియమము వ్రాసినచో, అట్టి చీటీలు గల పాటల నన్నిటిని అదియే యొక పట్టికగా నిలుపును. ఫోనునందలి గూగుల్ ఫోటోస్‌లోను ఒకే పటము పలు ఆల్బములందు కనబడవచ్చును. అయితే ఆల్బమునుండి తీసివేయుట వేఱు, మూలమును చెఱపుట వేఱు. మూలము చెఱపినచో అన్ని ఆల్బములనుండియు పోవును.

యంత్రమునకు వరుస తెలియును గాని వావివరుసలు తెలియవు. ఒకే ముఖము గల పటములను అది ప్రోగుచేయగలదు; ఆ ముఖము మేనత్తదో పినతల్లిదో మనమే చెప్పవలయును. 1962 నాటి పెండ్లిపటమును నేడు స్కాను చేసినచో, తేదీ దిద్దనిదే అది నేటి పటములలో చేరును. వాట్సాప్ ద్వారా పటముగా పంపినదానినుండి, తీసిన తేదీ, స్థలము మొదలగు వివరములు సాధారణముగా తొలగిపోవును. వానిని అడిగి వ్రాసికొనవలయును.

2018 అక్టోబరు 11 తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొఱగినవి. తోటను మరల నాటవచ్చును. తడిసి పాడైన తాతల పటమును మరల తీయించుట యెవరి తరము? కావున ఒక ప్రతి కంప్యూటరునందును, ఒకటి వేఱు డిస్కునందును, ఒకటి దూరపు టూరి బంధువుల యింటను ఉంచుట క్షేమము. కాని తుపానుకంటె నిశ్శబ్దముగా వచ్చు నష్టము వేఱొకటి కలదు. పేర్లు చెప్పగల వృద్ధులు ఒక్కొక్కరే వెడలిపోవుచున్నారు. పటము నిలిచి పేరు పోయినచో, మన పెద్దలే మన మనుమలకు పరాయివారగుదురు.

సోదరీమణులారా, వంటపని ముగిసిన పిదప అత్తగారి చెంతనో, అమ్మ చెంతనో కూర్చుండి దినమునకు పది పటములు చూపుడు. వారు చెప్పిన పేరు, ఊరు, సందర్భము అప్పుడే వ్రాయుడు. ఏడాది తిరుగునప్పటికి 3,650 పటములకు పేర్లు కలుగును. వరుసలు కూర్చుట యంత్రమునకు క్షణముల పని; పేర్లు చెప్పువారు మాత్రము ఎల్లకాలము మన యెదుట నుండరు.