కాంక్రీటు సాంద్రత కొలవడం: పోసిన రోజే తెలిసే సూచన

కాంక్రీటు ఘనాల సంపీడన బలం 28 రోజులకు గానీ తేలదని మీకు తెలుసు. ఆలోగా ఆ స్లాబు మీద పై అంతస్తు స్తంభాలు లేచి ఉంటాయి. అప్పుడు ఘనాలు తక్కువ భారానికే పగిలితే చేయగలిగింది కొంచెమే. సాంద్రత పరీక్ష మాత్రం పోసే రోజే కొంత చెబుతుంది.

10 లీటర్ల లోహపు పాత్రను ఖాళీగా తూచండి. తాజా కాంక్రీటును పొరలుగా వేస్తూ, ప్రతి పొరనూ 16 మి.మీ. ఉక్కు కడ్డీతో కూరండి. పైభాగాన్ని అంచుకు సమంగా చదును చేసి మళ్లీ తూచండి. ఖాళీ పాత్ర 4.2 కి.గ్రా., నిండు పాత్ర 27.9 కి.గ్రా. అనుకుందాం. కాంక్రీటు 23.7 కి.గ్రా.; దీన్ని 0.01 ఘ.మీ.తో భాగిస్తే సాంద్రత 2370 కి.గ్రా./ఘ.మీ. పాత్ర బయట 200 గ్రాముల మోర్టారు అంటుకుని ఉన్నా జవాబు 20 కి.గ్రా. తప్పుతుంది. తుడిచాకే తూచండి.

సాధారణ కాంక్రీటు సాంద్రత 2400 దరిదాపుల్లో ఉంటుంది. కానీ కంకర రాయిని బట్టి ఇది మారుతుంది కనుక, మీ ట్రయల్ మిక్స్‌లో వచ్చిన విలువతోనే పోల్చండి. దానికంటే తగ్గితే నీరు ఎక్కువైందని గానీ, గాలి మిగిలిందని గానీ అనుమానించాలి. కాంక్రీటులో 5 శాతం గాలి ఖాళీలు మిగిలితే బలం సుమారు 30 శాతం తగ్గుతుంది.

సిమెంటు లెక్కకూ ఇదే ఆధారం. ఒక మిశ్రమంలో సిమెంటు 50, ఇసుక 95, కంకర 180, నీరు 25, మొత్తం 350 కి.గ్రా. ఉన్నాయనుకోండి. సాంద్రత 2400 అయితే ఘనపరిమాణం 0.146 ఘ.మీ., అంటే ఘనపు మీటరుకు 343 కి.గ్రా. సిమెంటు. గాలి చేరి సాంద్రత 2300కు దిగితే అది 329 మాత్రమే. బస్తాల లెక్క సరిగ్గానే ఉంటుంది, ఎవరూ దొంగిలించలేదు. గాలి కాంక్రీటు పరిమాణాన్ని పెంచింది, అంతే.

150 మి.మీ. ఘనాలను కూడా అచ్చు విప్పగానే తూచండి. చాలా సైట్లలో ఈ నిమిషం పనిని వదిలేసి, నేరుగా నీళ్ల తొట్టిలో వేస్తారు. 2400 సాంద్రతకు ఘనం 8.1 కి.గ్రా. తూగాలి. మూడింటిలో ఒకటే 7.7 తూగితే దాన్ని సరిగా కూరలేదని, మూడూ ఒకేలా తేలికైతే మిశ్రమంలోనే లోపం ఉండవచ్చని భావించాలి.

సాంద్రత బాగుందని బలం బాగుంటుందనుకోకండి. సిమెంటు తగ్గించి కంకర పెంచినా తూకం తగ్గదు. పైగా ఘనాన్ని మీరు శ్రద్ధగా కూరినంత మాత్రాన స్లాబులో వైబ్రేటర్ సరిగా తిప్పారని కాదు. అక్కడ అనుమానం ఉంటే గట్టిపడిన కాంక్రీటు నుంచి కోర్ తీసి, దాని సాంద్రతనూ బలాన్నీ చూడాల్సిందే.