మాట చవక, నంబరు ప్రియం

ఫోను మాట నిమిషమునకు పదహారు రూపాయలు పలికిన నాడు వినబడని ఫిర్యాదు, మాటకు వెలయే లేదని కంపెనీలు చాటుచున్న నేడు పల్నాటి పల్లెలలో ఏల వినవచ్చుచున్నది?

పల్నాడు జిల్లా క్రోసూరు మండలమున మాఘ ఫాల్గుణములు మిరపకోతల కాలము. చేలు ఎరుపెక్కి, కల్లములలో కాయ ఆరుచున్న ఆ దినములలో, కర్నూలు సీమనుండి, ముఖ్యముగా ఆదోని ప్రాంతపు గ్రామములనుండి, పిల్లాపాపలతో వలస వచ్చిన కూలీలు ఈ ప్రాంతపు చేలగట్లపై గుడారములు వేసికొని వారముల తరబడి నివసింతురు. ఇంటివద్ద విడిచివచ్చిన వృద్ధుల యోగక్షేమము తెలియవలెనన్న వారికి చేతిలోని ఫోనే శరణ్యము. రైతు స్థితియు ఇంతకంటె భిన్నము కాదు. గుంటూరు మిర్చి యార్డునకు పంపిన టిక్కీలు (బస్తాలు) ఏ ధరకు పోయినవో కమీషను వ్యాపారి ఫోనులోనే చెప్పును. రేపటి కోతకు ఎందరు వత్తురో మేస్త్రి ఫోనులోనే తెలుపును. ఇక బ్యాంకు వారును ప్రభుత్వము వారును పంపు ఓటీపీ ఆ నంబరునకే చేరును. ఇట్లు బ్రదుకుతెరువునకు ఆధారమైన ఈ వస్తువునకు నెలనెలా చెల్లింపవలసిన సొమ్ము భారమైనదను మాట మిరపచేల నుండి రచ్చబండల దాక వినవచ్చుచున్నది.

ఈ మాట విన్న గణకులు చిఱునవ్వు నవ్వవచ్చును. ప్రపంచమున అతిచవకగా ఇంటర్నెట్టు లభించు దేశములలో భారతదేశ మొకటియనియు, వాయిస్ కాల్‌నకు నేడు విడిగా వెలయే లేదనియు వారు వాదింతురు. ఆ వాదము సత్యదూరము కాదు. కూలీ మనిషి మొరయు అసత్యము కాదు. పరస్పరవిరుద్ధముగా కనుపించు ఈ రెండు సత్యములు ఏకకాలమున ఎట్లు నిలిచినవో విచారించినచో, ఫోను ఖర్చు పెరుగుదలకు మూలము మాట ధరలో గాక వేఱొకచోట నున్నదని తేటపడును.

పదహారు రూపాయల నిమిషము

మన తాతల కాలమున దూరపు బంధువుతో మాటలాడవలెనన్న తపాలా కార్యాలయమున ట్రంకు కాల్ బుక్ చేసి, పిలుపు కలియువఱకు గంటలకొలది కనిపెట్టుకొని యుండవలసినదే. అర్జెంటు కాల్‌నకు ఒక రేటు, లైట్నింగ్ కాల్‌నకు అంతకు అనేక రెట్ల రేటు ఉండెడివి. తరువాత వచ్చిన ఎస్టీడీ బూత్‌లలో, రాత్రి పొద్దుపోయినకొలదియు రేటు తగ్గునని జనులు బారులు తీరి నిలిచెడివారు. 1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్ రామ్‌తో మోదీ టెల్‌స్ట్రా సంస్థ నెట్‌వర్కుపై మాటలాడుటతో ఈ దేశమున మొబైల్ యుగము ఆరంభమయ్యెను. ఆనాడు రద్దీవేళ నిమిషమునకు పదహారు రూపాయలకు పైగా వసూలు చేసెడివారు. పిలిచినవాడే కాక, పిలుపు అందుకొన్నవాడును చెల్లింపవలసి యుండెను.

అంత ధరకు కారణము స్పష్టము. తొలి లైసెన్సులకై భారీ రుసుములకు ఒడంబడిన సంస్థలు, వినియోగదారులు అతి స్వల్పముగా నున్న కాలమున, ఆ సొమ్మును కొద్దిమందినుండియే రాబట్టుకొనవలసి వచ్చినది. ఆ భారము మోయలేక సంస్థలు కూలుచున్న తరుణమున, 1999 నూతన టెలికాం విధానము స్థిరమైన లైసెన్సు రుసుమును తొలగించి, రాబడిలో వాటా చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టినది. ఈ ఒక్క మార్పుతో ఎక్కువమందిని చేర్చుకొనుట సంస్థలకు లాభసాటి యైనది.

ఆపైన ధరల పతనము అతిశీఘ్రముగా జరిగినది. 2002 చివరలో బీఎస్ఎన్ఎల్, రిలయన్స్ సంస్థల మొబైల్ సేవలు ఆరంభమైనవి. 2003 మే 1 నుండి పిలిచినవాడే చెల్లించు పద్ధతి అమలై, ఇన్‌కమింగ్ కాల్ ఉచితమైనది. 2009లో టాటా డొకొమో సెకండునకు ఒక పైసా లెక్క తెచ్చుటతో తక్కిన సంస్థలును అదే త్రోవ పట్టవలసి వచ్చినది. పల్లెటూళ్లలో మిస్డ్ కాల్ ఒక శాస్త్రముగా వర్ధిల్లిన కాలమిదియే: ఒక మ్రోత యిచ్చి ఆపిన బయలుదేరితిననియు, రెండు మ్రోతలు యిచ్చిన చేరితిననియు అర్థము, పైసా ఖర్చు లేదు. పది రూపాయల టాప్-అప్ వేయించుకొన్న కూలీ ఆ పదిరూపాయలను పొదుపుగా నెలరోజులు వాడుకొనగలిగెడివాడు. అతడు మాటలాడినదానికే వెల చెల్లించెడివాడు. మాటలాడని దినమున అతనికి ఖర్చు లేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

పన్నెండుగురు నలుగురైన వృత్తాంతము

ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో (రాష్ట్రము విడిపోయిన పిమ్మటను టెలికాం లెక్కలో ఆంధ్ర తెలంగాణములు రెండును నేటికీ ఒకే సర్కిల్) ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా, టాటా, రిలయన్స్, ఎయిర్‌సెల్, యూనినార్, బీఎస్ఎన్ఎల్ మున్నగు సంస్థలు ఒకదానితో నొకటి పోటీపడి సిమ్‌కార్డులను వీధులలో ఊరక పంచినవి. నేడు మిగిలినవి నాలుగు. వానిలో పుష్టిగా నున్నవి రెండే.

ఈ క్షయమునకు హేతువులు పెక్కు. 2008 నాటి 2జీ లైసెన్సుల వివాదములో సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 2న 122 లైసెన్సులను రద్దు చేసి, వేలమే శరణ్యమని తీర్పు చెప్పినది. అంతకుముందే 2010లో 3జీ వేలము ప్రభుత్వమునకు 67 వేల కోట్ల రూపాయలకు పైగా తెచ్చిపెట్టినది. (తరువాత 2022 నాటి 5జీ వేలములో ఆ మొత్తము లక్షన్నర కోట్లకు చేరినది.) ఇట్లు స్పెక్ట్రము తరంగములకై చేసిన అప్పులతో సంస్థలు కుంగుచుండగా 2016 సెప్టెంబరు 5న జియో రంగప్రవేశము చేసి, వాయిస్ కాల్ నిత్యముగా ఉచితమని ప్రకటించినది. మాటనే అమ్ముకొని బ్రదుకుచున్న సంస్థలకు ఇది మరణశాసనమైనది. ఎయిర్‌సెల్ దివాలా తీసినది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ కాల్‌సేవలను మూసివేసినది. టెలినార్‌గా పేరు మార్చుకొన్న యూనినార్, టాటాల మొబైల్ వ్యాపారములు ఎయిర్‌టెల్‌లో కలిసినవి. వొడాఫోన్, ఐడియాలు 2018లో ఏకమైనవి. ఆపై 2019 అక్టోబరు 24న సర్వోన్నత న్యాయస్థానము, లైసెన్సు రుసుమును లెక్కగట్టు రాబడిలో టెలికాంతో సంబంధము లేని ఆదాయమును సైతము చేర్చవలెనని తీర్పు చెప్పుటతో, పాత బకాయిలు దాదాపు 1.47 లక్షల కోట్లుగా తేలినవి.

వేలము పాటల ఖర్చే నేడు రీచార్జి ధరగా మారి మనపై పడుచున్నదని పలువురు భావింతురు. ఇది సగము సత్యమే. పోటీ ఉన్నంతకాలము, పెట్టిన ఖర్చెంతయైనను సంస్థలు దానిని ధరలో రాబట్టుకొనలేకపోయినవి. 2016 పిమ్మటి ధరలే అందుకు నిదర్శనము. అప్పుల బరువు చేసిన అసలు పని వేఱు: బలహీనులను అంగడినుండి వెడలగొట్టినది. మిగిలిన కొద్దిమందికి ధర పెంచు శక్తి అప్పుడు చేకూరినది. 2019 డిసెంబరులోను, 2021 నవంబరు-డిసెంబరులలోను, 2024 జూలైలోను మూడు ప్రైవేటు సంస్థలును దినముల తేడాతో ఒకదాని వెంట నొకటి ధరలు పెంచినవి. చివరి పర్యాయము జూలై 3, 4 తేదీలలోనే ఆ కార్యము ముగిసినది. ఆ సంవత్సరపు ఏప్రిల్-జూన్ త్రైమాసికమున ఒక్కొక్క వినియోగదారునినుండి సగటున నెలకు 211 రూపాయలు పొందిన ఎయిర్‌టెల్, అక్టోబరు-డిసెంబరు నాటికి 245 రూపాయలు పొందినది; అదే వ్యవధిలో జియో రాబడి 182 రూపాయలనుండి 203 రూపాయలకు పెరిగినది.

మాటకు కాదు, మనుగడకు

ఇప్పుడు అసలు విషయము. ఒక నెట్‌వర్కునుండి మఱొక నెట్‌వర్కునకు కాల్ పోయినప్పుడు అవతలి సంస్థకు చెల్లించు రుసుము 2017కు పూర్వము నిమిషమునకు 14 పైసలు. ఆ అక్టోబరులో 6 పైసలైనది. 2021 జనవరి 1 నుండి శూన్యము. అనగా ఇంకొక నిమిషము మాటలాడుటవలన సంస్థకు కలుగు అదనపు ఖర్చు దాదాపు లేదు. టవరు, విద్యుత్తు, డీజిలు, ఫైబరు, సిబ్బంది, ఈ ఖర్చు ఊరంతయు మౌనవ్రతము పట్టినను తగ్గదు. అందుచేత సంస్థలు మాటకు వెల కట్టుట మాని, నంబరు సజీవముగా నుండుటకే వెల కట్టినవి. సాగరు కాలువ క్రింది మాగాణికి నీటితీరువా ఎకరమునకు కట్టుదురు గాని తోడిన కుండలను లెక్కించి కట్టరు గదా. ఫోను వ్యవహారమును అట్టిదే యైనది. ఎక్కువ వాడువానికి ఈ పద్ధతి వరము. తక్కువ వాడువానికి శాపము.

2018 చివరలో ఎయిర్‌టెల్ నంబరు నిలుపుకొనుటకు 28 దినములకు కనీసము 35 రూపాయలు వేయింపవలెనను నియమము తెచ్చినది. ఆ కనీసము 2021లో 79 రూపాయలై, ఆ సంవత్సరాంతమునకే 99 రూపాయలైనది. 2023 జనవరిలో మన సర్కిల్‌లో 99 తొలగి 155 వచ్చినది. 2024 జూలై పిమ్మట 28 దినముల ప్యాకు 199 రూపాయలైనది. నాటి 35 రూపాయలలో కాల్‌నకు విడిగా వెల యుండెననియు, 2024 నాటి 199 రూపాయలలో అపరిమితమైన కాల్‌లును, కొంత డేటాయును కలవనియు న్యాయముగా చెప్పవలెను. కాని దినమునకు నాలుగు మాటలు మాత్రమే మాటలాడు బటన్ ఫోను ముసలమ్మకు ఆ అపరిమితత్వముతో పనియేమి? ఆమె ఏనాడును తెఱవని ఇంటర్నెట్టునకు ఆమె మూల్యము చెల్లించుచున్నది.

ఇందులో మఱొక సూక్ష్మము కలదు. 28 దినములు మాసము కాదు. సంవత్సరమునకు పన్నెండు కాక పదమూడు పర్యాయములు రీచార్జి చేయింపవలెను. 199 రూపాయల చొప్పున లెక్కించిన 2,587 రూపాయలు. ఇంటికి మూడు ఫోనులున్న వ్యవసాయ కుటుంబమునకు ఇది ఏడువేల ఏడువందల పైమాట. 199 రూపాయలలో 30 రూపాయలకు పైగా జీఎస్టీ; సంస్థల రాబడిలో ఎనిమిది శాతము లైసెన్సు రుసుము; ఆ ఎనిమిదిలో అయిదు గ్రామీణ సేవలకై ఏర్పడిన నిధికి చేరును. ధర పెరిగినకొలదియు ప్రభుత్వ ఖజానాకును వాటా పెరుగుచుండుటవలన, ధరల విషయమున ఢిల్లీలో మౌనము ప్రబలుటలో వింత లేదు.

నియంత్రణయు, నిర్బంధమును

1997లో స్థాపితమైన నియంత్రణ సంస్థ ట్రాయ్, మొబైల్ ధరలను అంగడికి వదలివేయు విధానమును చిరకాలముగా పాటించుచున్నది. పన్నెండుగురు పోటీపడుచున్న కాలమున అది వివేకమే. నలుగురే మిగిలినప్పుడు అదే విధానమును అనుసరించుట ఔదాసీన్యమగును. అయినను ఆ సంస్థ పూర్తిగా నిద్రించుటలేదు. 2022లో ప్రతి సంస్థయు 30 దినముల ప్యాకు నొకదానినైనను ఉంచవలెనని ఆదేశించినది. 2024 డిసెంబరులో, డేటా అక్కఱలేనివారికై కేవలము కాల్‌లును ఎస్ఎంఎస్‌లును గల ప్యాకులను విధిగా ఇయ్యవలెనని శాసించినది. తత్ఫలితముగా 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 84 దినములకు 469, సంవత్సరమునకు 1,849 రూపాయల ప్యాకులను, జియో 84 దినములకు 448 రూపాయల ప్యాకును ప్రకటించినవి. దినమునకు అయిదు రూపాయల పైచిలుకు. 199 రూపాయల ప్యాకు లెక్కన ఏడు రూపాయలకు పైగా. భేదము స్వల్పమైనను కలదు. కాని సంవత్సరపు సొమ్మును ఒక్కమాఱు చెల్లింపగల శక్తి కూలీకి లేదు. తక్కువ ధర ప్యాకును తానై చూపుటకు రీచార్జి దుకాణదారునకు ఉత్సాహమును లేదు.

ఇక ప్రభుత్వ ధర్మము. ఆధార్‌కు ఫోను నంబరు, బ్యాంకు ఖాతాకు ఫోను నంబరు, పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ: ఇట్లు నంబరును పౌరజీవితమునకు ద్వారపాలకునిగా నిలిపినది ప్రభుత్వమే. ప్యాకు గడువు తీరిన కొన్ని దినములకు ఇన్‌కమింగ్ సైతము నిలిచిపోవును. మూడు మాసములు వాడుక లేనిచో నంబరు రద్దు కావచ్చును. రద్దయిన నంబరుతో పాటు ఆధార్, బ్యాంకు, పథకముల అనుసంధానములన్నియు నిష్ప్రయోజనమగును. కావున కొనక తప్పని వస్తువును కొనుమని శాసించిన ప్రభుత్వమునకే, దాని కనీసపు వెల పేదవానికి అందుబాటులో నుండునట్లు చూచు బాధ్యతయు కలదు.

ఈ బాధ్యత నెరవేర్చుటకు ధరలన్నింటిని కట్టడి చేయనక్కఱలేదు. ఇన్‌కమింగ్ కాల్‌లు, ఓటీపీలు, అత్యవసర పిలుపులు మాత్రము కలిగి, సంవత్సరమంతయు నిలుచు ఒక నామమాత్రపు ప్యాకును ప్రతి సంస్థయు ఇయ్యవలెనని నియమించిన చాలును. గ్రామీణ సేవలకై మన రీచార్జిలనుండియే కూడబెట్టిన నిధి అందుకై కలదు. పోటీకి ఆధారముగా బీఎస్ఎన్ఎల్‌ను నిలబెట్టుట రెండవది. 2024 జూలైలో ధరలు పెరిగినప్పుడు జనులు ఆ సంస్థవైపు మరలిరి, సిగ్నలు నిలకడ లేక కొందఱు వెనుదిరిగిరి. 2025 సెప్టెంబరు 27న స్వదేశీ పరిజ్ఞానముతో దాని 4జీ సేవలు దేశమంతట ఆరంభమైన పిమ్మట, ఆ సిగ్నలు పల్లెలకు నిలకడగా చేరినచో ప్రైవేటు ధరలకు అది కళ్లెము కాగలదు. అంతవఱకు డేటా అక్కఱలేనివారు దుకాణమున వాయిస్ ప్యాకును పేరుపెట్టి అడిగి వేయించుకొనుట మేలు. మాట ధర తగ్గినదని ప్రభువులు గర్వింపవచ్చును గాని, మాటలాడకున్నను చెల్లింపక తప్పని సొమ్ము ఏటేటా పెరుగుచున్నంతకాలము, ఫోను ఖర్చు పెరిగినదను పల్లెజనుల మాటయే సరియైన లెక్క.