పాముకాటు నుంచి పార్లమెంటు దాకా

2018 వానాకాలంలో దివిసీమ పొలాల్లో పాముకాట్లు గుర్తున్నాయా? దాన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే గుర్తించింది. 2030కల్లా మరణాలు సగానికి తగ్గించాలన్న కేంద్ర ప్రణాళిక మాత్రం 2024 మార్చిలో వచ్చింది. ఇలాంటి ఆలస్యం తగ్గాలంటే లెక్కలు తీసి, నోట్ రాసి, ఎంపీ చేత సభలో ప్రశ్న అడిగించేవాళ్లు కావాలి. అదీ ఉద్యోగమే! పీఆర్‌ఎస్ సంస్థ ల్యాంప్ ఫెలోషిప్‌లో మీరు ఒక ఎంపీ దగ్గర చేసేది ఇదే. ఏ డిగ్రీ అయినా చాలు, నాలాగా బీటెక్ అయినా సరే. వయసు మాత్రం 25 దాటకూడదు.

బందరులో ఉన్నా, గుడివాడలో ఉన్నా ఇవాళే మొదలెట్టండి. మీ పీహెచ్‌సీలో పాము విషానికి విరుగుడు మందు ఉందా? కనుక్కుని ఒక పేజీ రాయండి. మీ రెజ్యూమెలో మొదటి లైన్ అదే.