వెసూవియస్ కొండ, పాంపే పట్నం – ఒక్క పగటి లెక్క

ప్రపంచంలో అగ్నిపర్వతాలు చాలా ఉన్నాయి. పాడుబడిన ప్రాచీన నగరాలకూ కొదవ లేదు. కాని ఊరిని పూడ్చిన కొండనూ, పూడిపోయిన ఊరినీ ఒకే రోజున, పొద్దు పొడిచి పొద్దు గుంకేలోగా చూసి రాగలిగిన చోటు అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది ఇటలీ దేశంలోని నేపుల్స్ రేవు. నేపుల్స్ నుంచి తూర్పుకు చూస్తే 1,281 మీటర్ల ఎత్తున వెసూవియస్ కొండ కనిపిస్తుంది. ఆగ్నేయంగా సుమారు 25 కిలోమీటర్లు పోతే పాంపే శిథిలాలు. కొండ శిఖరానికీ ఆ ఊరికీ మధ్య దూరం ఉజ్జాయింపుగా 10 కిలోమీటర్లు. మా ఊరి నుంచి సంతకు పోయి వచ్చేంత దూరం.

ఈ వ్యాసానికి ఒక కారణం ఉంది. మా పెద్దనాన్నగారి అబ్బాయి ఓడలో పని చేస్తున్నాడు. వచ్చే అక్టోబరులో వాళ్ళ ఓడ నేపుల్స్‌లో ఒక్క పగలు ఆగుతుందట. "ఒరేయ్ తమ్ముడూ, సైన్సు చదువుతున్నావు కదా, నాలుగురం కలిసి కారు మాట్లాడుకుంటాం. కొండా ఊరూ రెండూ చూసి వేళకి ఓడెక్కేటట్టు ఒక లెక్క వేసి పంపరా" అని ఫోను చేశాడు. ఉదయం 8 గంటలకు దిగవచ్చు. సాయంత్రం 5 కల్లా తిరిగి ఓడ మీద ఉండాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. ఆ ఉద్యోగం మీదే వాళ్ళింటి సేద్యపు అప్పు తీరాలి గనుక ఇది సరదా లెక్క కాదు. నేను ఇటలీ చూడలేదు. పటాలు, పుస్తకాలు, అక్కడి అధికారుల ప్రకటనలు ముందేసుకుని కూర్చున్నాను. లెక్క వేయగా వేయగా నాకు బోధపడిన సంగతి ఇది: ఈ ప్రయాణానికీ, ఆ ఊరి చరిత్రకూ కీలకం ఒక్కటే. అది బయలుదేరవలసిన గంట.

ఆనాడు ఏం జరిగింది?

క్రీ.శ. 79కి ముందు వెసూవియస్‌ను చూసి ఎవరూ భయపడలేదు. దాని వాలు నిండా ద్రాక్షతోటలు. స్ట్రాబో అనే భూగోళ పండితుడు మాత్రం ఆ రాళ్ళు నిప్పు తిన్నట్టున్నాయని అంతకుముందే రాశాడు. క్రీ.శ. 62లో పెద్ద భూకంపం వచ్చి పాంపేలో చాలా ఇళ్ళు కూలాయి. జనం మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టారు. 79లో కూడా ముందు కొన్నాళ్ళుగా భూమి అదురుతూనే ఉంది. ఆ ప్రాంతంలో అది మామూలే అనుకున్నారు.

భూమి లోపలి శిలాద్రవంలో నీటి ఆవిరి, ఇతర వాయువులు కరిగి ఉంటాయి. గోళీసోడా కాయలో గోళీ దిగినంత సేపే, నురుగు పైకి తన్నుకొస్తుంది కదా. ఇక్కడా అంతే. పైన అడ్డు తొలగి ఒత్తిడి తగ్గగానే వాయువు బుడగలై, శిలాద్రవాన్ని ముక్కలు చేసి ఆకాశానికి ఎగజిమ్మింది. ఆ మేఘం సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. చల్లారి కింద పడ్డ ముక్కలే నురగరాళ్ళు. ఒళ్ళంతా రంధ్రాలుండటం వల్ల అవి నీళ్ళ మీద తేలతాయి. ఆనాటి గాలి ఆగ్నేయానికి వీచింది గనుక ఆ వాన పాంపే మీద పడింది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. నురగరాళ్ళ వాన గంటల తరబడి, సుమారు మర్నాటి తెల్లవారుదాకా కురిసింది. అంటే పారిపోవడానికి వ్యవధి ఉంది. చాలామంది పారిపోయారు కూడా. పాంపే జనాభా పది పన్నెండు వేలని అంచనా. ఇంతవరకు తవ్వకాల్లో దొరికిన మృతులు 1,100 పైచిలుకు. 'వాన వెలుస్తుందిలే' అని ఇళ్ళలో ఆగినవారి మీద రాళ్ళ బరువుకి కప్పులు కూలాయి. తెల్లవారాక పై మేఘం తన బరువు తానే మోయలేక కూలి, వందల డిగ్రీల వేడి బూడిద, వాయువుల ప్రవాహంగా నేల మీద పరుగెత్తి వచ్చింది. దాని ముందు పరుగెత్తి బతకగల మనిషి లేడు.

ఇదంతా మనకు తెలిసింది చిన్న ప్లీనీ అనే యువకుడి ఉత్తరాల వల్ల. అప్పుడతనికి 17 ఏళ్ళు, నాకంటే మూడేళ్ళు చిన్న. అతని మేనమామ పెద్ద ప్లీనీ అక్కడి నౌకాదళానికి అధిపతి. ఆపదలో ఉన్నవారిని తెద్దామని ఓడలు తీసుకుని వెళ్ళి, స్టాబియే తీరంలో ప్రాణాలు విడిచాడు.

ఈ విపత్తు ఆగస్టు 24న జరిగిందని చాలాకాలం రాసుకున్నారు. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ బయటపడింది. అది అక్టోబరు 17కు సరిపోతుంది. బొగ్గు రాత ఏళ్ళ తరబడి నిలవదు కనుక విపత్తు అక్టోబరు చివర జరిగి ఉంటుందని ఇప్పుడు చాలామంది అభిప్రాయం.

కారా, రైలా?

నేపుల్స్ నుంచి పాంపే శిథిలాల గుమ్మం దాకా చిన్న రైలు ఉంది. సుమారు 40 నిమిషాలు. చవక. ఒక్క పాంపే చూడాలంటే అదే మేలు. రెండూ చూడాలంటే మాత్రం కొండకు మళ్ళీ బస్సు పట్టుకోవాలి. ఎదురుచూపులకే గంటలు పోతాయి. సమ్మె జరిగిందా, అంతే సంగతులు. కనుక నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడమే సబబు.

అయితే బేరం ముందే తెగాలి. లైసెన్సు ఉన్న బండేనా? మొత్తం ఎన్ని గంటలకు? ఆగి ఉన్న సేపుకీ, రోడ్డు సుంకానికీ, పార్కింగుకీ వేరే అడుగుతాడా? కొండ మీద కారు ఎంతవరకు పోనిస్తారు, ఎక్కడ దిగి బస్సెక్కాలి? ఇవన్నీ రాతపూర్వకంగా ఉండాలి. మరొక సంగతి: డ్రైవరు వేరు, గైడు వేరు. శిథిలాల్లో వివరించి చెప్పేందుకు అనుమతి పత్రం ఉన్న గైడులు ప్రత్యేకంగా ఉంటారు.

టిక్కెట్ల విషయంలో ఉదాసీనత పనికిరాదు. పాంపేకి 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే రానిస్తున్నారు. టిక్కెట్టు మీద పేరు ఉంటుంది, గుర్తింపు పత్రం చూపాలి. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. అందుకే ఆ రోజు తిరునాళ్ళలా ఉంటుంది. వెసూవియస్ బిలం చూడటానికి ఫలానా గంటకని ముందుగానే ఇంటర్నెట్‌లో టిక్కెట్టు కొనుక్కోవాలి. తీరా కొండ మీదికి పోయి కొందామంటే కుదరదు.

ముందు ఊరు, తరువాత కొండ

ముందు కొండెక్కి ఆ తరువాత ఊరు చూడమనేవారూ ఉన్నారు. నా లెక్క వేరు. ఊరు ఎక్కడికీ పోదు. కొండ మాట అలా కాదు. గాలి పెరిగినా, మబ్బు దిగినా దారి మూసేస్తారు. 2025 ఆగస్టులో కొండ మీది అడవి అంటుకుని దారులన్నీ మూసేశారు. ఖాయమైనది ముందు చూసుకుంటే, ఖాయం కానిది తప్పిపోయినా రోజు వృథా కాదు. కొండ మూస్తే తిరిగి వచ్చే దారిలో, కొండకూ సముద్రానికీ నడుమ హెర్క్యులేనియం ఉంది. అదీ అదే విపత్తులో, సుమారు 20 మీటర్ల లోతున పూడిపోయిన ఊరే. అక్కడ ఒడ్డున పడవల గదుల్లో తలదాచుకున్న సుమారు 300 మంది అస్థిపంజరాలు 1980 తరువాత బయటపడ్డాయి.

ఇదీ నా పట్టిక:

8.00 – రేవులో కారు ఎక్కడం.
9.00 – పాంపే గుమ్మం తెరవగానే ప్రవేశం.
12.00 – బయటికి వచ్చి భోజనం.
12.30 – కొండకు ప్రయాణం.
1.30 – నడక మొదలు.
3.00 – తిరిగి కారు దగ్గరకు.
4.15 – రేవు.

మిగిలిన మూడు పాతిక గంటలు వృథా కాదు. రోడ్డు మీద లారీ అడ్డం పడితే ఖర్చు పెట్టడానికి దాచుకున్న సొమ్ము. మూడు గంటలకు ఎక్కడున్నా, ఏం చూస్తున్నా, వెనక్కి తిరగవలసిందే. పట్టికలో మొదట రాసుకున్నది ఈ అంకెనే. మిగిలినవి దాని నుంచి వెనక్కి లెక్క కట్టాను.

మూడు గంటల్లో పాంపే

పాంపే విస్తీర్ణం 66 హెక్టార్లు, అంటే సుమారు 163 ఎకరాలు. అందులో మూడోవంతు ఇంకా తవ్వలేదు. మూడు గంటల్లో అంతా చూడటం అసంభవం. దీనికి ఒక ఉపాయం ఉంది. పడమటి వైపు పోర్టా మరీనా గుమ్మంలో దిగి, తూర్పు కొసన ఆంఫీథియేటరు గుమ్మం నుంచి బయటికి రావాలి. కారును అక్కడికే రమ్మనాలి. అప్పుడు చూసిన వీధిలోనే వెనక్కి నడిచే పని ఉండదు. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు గనుక కారులోనే వదలాలి. నీడ తక్కువ, టోపీ, నీళ్ళు తప్పనిసరి.

దారిలో మొదట ఊరి నడిబొడ్డు ఫోరం. వెనుక వెసూవియస్ నిలబడి కనిపిస్తుంది. అక్కడి నుంచి తిన్నగా తూర్పుకు పెద్దవీధి. రాళ్ళ మీద బండి చక్రాలు కోసిన గాడులు, జనం బురదలో దిగకుండా వీధి దాటేందుకు వేసిన ఎత్తు రాళ్ళు, తిరగలి రాళ్ళతో రొట్టెల దుకాణాలు, గట్టులో కుండలు పొదిగిన పూటకూళ్ళ అంగళ్ళు. ఒక దుకాణం పొయ్యిలో బొగ్గైపోయిన 81 రొట్టెలు దొరికాయి. కాల్చినవాడికి వాటిని బయటికి తీసే వ్యవధి లేకపోయింది.

మనుషుల ఆకారాలు చూసి అవి రాతిగా మారిన శవాలని చాలామంది అనుకుంటారు. అవి అచ్చులు. బూడిద గట్టిపడ్డాక లోపలి దేహం శిథిలమై ఖాళీ మిగిలింది. 1863లో ఫియోరెల్లీ ఆ ఖాళీల్లో ప్లాస్టరు పోయించి, గట్టిపడ్డాక చుట్టూ మట్టి తొలిచాడు. ఆంఫీథియేటరుకు కాస్త ముందు ఒక తోటలో ఇలాంటివి 13 ఉన్నాయి. పెద్దలు, పిల్లలు, ఒకే బిడారుగా బయలుదేరినవారు. వాళ్ళు బయలుదేరారు, కాని గంట దాటిన తరువాత.

రైతు బిడ్డగా నన్ను అంతకంటే ఎక్కువ ఆకట్టుకున్నది మరొకటి. 1960ల నుంచి విల్హెల్మినా జషెంస్కీ అనే పరిశోధకురాలు ఇదే పద్ధతిని చెట్ల వేళ్ళకు వాడింది. కుళ్ళిన వేళ్ళ ఖాళీల్లో సిమెంటు పోసి, ఆ ఆకారాన్ని బట్టి ఏ చెట్టో పోల్చింది. ఆంఫీథియేటరు పక్కన అంతవరకు పశువుల సంత అనుకున్న ఖాళీ జాగా నిజానికి ద్రాక్షతోట అని, రెండు వేలకు పైగా తీగలు బారులు తీరి ఉండేవని అలా తేలింది. ఊరి గోడల లోపల సేద్యం! అది చూడకుండా మాత్రం బయటికి రావద్దని అన్నయ్యకు గీత గీసి మరీ రాశాను.

కొండ మీద

దాదాపు 1,000 మీటర్ల ఎత్తు దాకా రోడ్డు. ఆపైన నడక అరగంట, ముప్పావుగంట. దారంతా కాలు జారే గరుకు బూడిదరాళ్ళు. చెప్పులు పనికిరావు, బూట్లు ఉండాలి. పైన గాలి చలి. బిలం లోతు సుమారు 300 మీటర్లు. ఎర్రటి ద్రవం మరుగుతూ కనిపిస్తుందని ఆశపడకూడదు. గోడల పగుళ్ళ నుంచి ఆవిరి మాత్రం లేస్తుంటుంది. అది నిద్ర, చావు కాదు.

1880లో ఈ కొండకు తాళ్ళతో లాగే రైలు పెట్టారు. దాని మీద అల్లిన 'ఫునికులీ, ఫునికులా' పాట లోకమంతా పాకింది. 1944 మార్చిలో కొండ మళ్ళీ పేలి ఆ రైలును మింగేసింది. కొండ చివరిగా పేలింది అప్పుడే. అప్పటి నుంచి మౌనం.

మట్టి కోసం

ఇంత తెలిసీ జనం కొండ మొదట్లో ఎందుకుంటున్నారు? ప్రమాదం ఎక్కువగా ఉన్న 'ఎర్ర ప్రాంతం'లో 25 పురపాలక సంఘాలు, ఆరేడు లక్షల మంది ఉన్నారు. నగరం పెరిగి అక్కడ చేరినవారు ఎందరో. కాని మొదట మనిషిని నిలిపింది మట్టి. అగ్నిపర్వతపు బూడిదలో పొటాషియం వంటి పోషకాలు మెండు. నీరు ఇంకుతుంది, తడి నిలుస్తుంది. ద్రాక్ష, ఆప్రికాటు, సాన్ మర్జానో టమాటా ఆ మట్టి పంటలే. పొలం మంచిదైతే రైతు కొండ కిందైనా ఉంటాడు, ఏటి గట్టునైనా ఉంటాడు. దాన్ని మూర్ఖత్వమని పట్నంవాసులు అనవచ్చు గాని, మా ఇళ్ళలో ఎవరూ అనరు. మేమూ వరదొస్తుందని తెలిసే లంకల్లో సాగు చేస్తాం.

కనుక 'అక్కడ ఉండకండి' అనడం కాదు, 'ఎప్పుడు లేవాలో' చెప్పగలగడమే విజ్ఞానశాస్త్రం పని. 1841లో స్థాపించిన వెసూవియస్ పరిశోధనాలయం ప్రపంచంలోని అగ్నిపర్వత పరిశోధనాలయాల్లో మొదటిది. భూమి అదురు, నేల ఉబ్బు, వాయువుల మార్పు రాత్రింబవళ్ళు కొలుస్తుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు హెచ్చరికలు. ఎరుపు వస్తే 72 గంటల్లో అందరినీ తరలించాలని ప్రభుత్వ ప్రణాళిక. మనకిది కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు వేల ప్రాణాలు పోయాయి. 2013లో ఫైలిన్ తుపానుకు ముందే లక్షల మందిని తరలించినందున ప్రాణనష్టం ఎంతో తగ్గింది. తుపాను కూడా ఇంచుమించు అంతటిదే. తేడా వచ్చింది లేచిన గంటలో.

ఇటలీ దాకా పోలేని మిత్రులకు ఒక మాట. రాజమండ్రి ఎదుట ఒడ్డున, పంగిడి, గౌరీపట్నం రాతి క్వారీల్లో పగలగొడుతున్న నల్లరాయి కూడా ఒకనాటి లావాయే. దక్కనును కప్పిన ఆ ప్రవాహాల వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు. తెలంగాణలోని నల్లరేగడి చాలావరకు అలాంటి రాయి చివికి ఏర్పడినదే. మన పత్తి చేలు ఆరిన నిప్పు మీదే పండుతున్నాయి. ఒక ఆదివారం బస్సెక్కి ఆ క్వారీల గోడలు చూసి రండి. లావా పొర, మధ్యన సముద్రపు గవ్వలున్న పొర, మళ్ళీ లావా పొర. బయలుదేరే ముందు మాత్రం తిరిగి వచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని, ఆ అంకెను కాగితం మీద అన్నిటికంటే పైన రాసుకోండి.